పెల్టియర్ పెట్టినా ప్రాసెసర్ చల్లబడటం లేదా? కరెంటు వైపు చూడాల్సినవి

పెల్టియర్ అంటే కరెంటిస్తే ఒక వైపు చల్లబడి, ఇంకో వైపు వేడెక్కే పలక (మాడ్యూల్). అది పెట్టినా ప్రాసెసర్ చల్లబడలేదంటే చాలామంది వెంటనే మాడ్యూల్ పోయిందనుకుని ఇంకోటి కొంటారు. పోయేది మాడ్యూల్ చాలా తక్కువసార్లు. దానికిచ్చే కరెంటు తప్పుగా ఉంటుంది, లేదా అది లాగిన వేడికి బయటికి దారి ఉండదు. పేస్ట్ రాయడం, స్క్రూలు సమంగా బిగించడం మీకు వచ్చనే లెక్కతో రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు: వేడి వైపు ఎంత ఉంది?

ఇది చూడకుండా వోల్టేజీ జోలికి పోవద్దు. హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే రెక్కల లోహపు దిమ్మ) అడుగున, మాడ్యూల్‌ను ఆనుకునే చోట థర్మామీటర్ ప్రోబ్ పెట్టి పది నిమిషాలు నడపండి. గది కంటే 15 డిగ్రీలు మించి పెరిగితే తప్పు అక్కడే ఉంది. ప్రాసెసర్ వేడికి పెల్టియర్ తినే కరెంటు కూడా కలిసి మొత్తం ఆ హీట్‌సింక్ మీదే పడుతుంది. ప్రాసెసర్ 60 వాట్లు, మాడ్యూల్ 90 వాట్లు అయితే హీట్‌సింక్ 150 వాట్లు వదిలించుకోవాలి. మే నెలలో వరంగల్‌లో మధ్యాహ్నం గదిలోనే 40 డిగ్రీలుంటుంది. జనవరిలో బాగా పనిచేసిన సెటప్ ఎండకాలంలో చేతులెత్తేసేది అందుకే. ఫ్యాన్ సరిపోకపోతే నీళ్ల కూలింగ్‌కు మారాలి, వేరే దారి లేదు.

సమస్య: పెల్టియర్ తీసేస్తేనే ప్రాసెసర్ చల్లగా ఉంటోంది

మాడ్యూల్ చిన్నదైంది. నంబరులోనే లెక్క ఉంది: 12706 అంటే లోపల 127 జతల సెమీకండక్టర్ ముక్కలు, 6 ఆంపియర్లు. 12710 అయితే 10, 12715 అయితే 15. 12706 గరిష్ఠంగా మోసేది 50 వాట్ల పైచిలుకు, అదీ రెండు వైపులా ఒకే వేడి ఉన్నప్పుడు. తేడా 30 డిగ్రీలకు వచ్చేసరికి అందులో సగం దగ్గరే ఆగుతుంది. డబ్బా మీద 65 వాట్లని ఉన్న ప్రాసెసర్లు కూడా లోడ్‌లో అంతకు మించి లాగుతాయి. ఏఎండీ ఏఎం4 బోర్డుల్లో 65 వాట్ల రైజెన్‌కు ఉన్న పరిమితి 88 వాట్లు, ఇంటెల్ ఐ5-12400 టర్బోలో 117 దాకా పోతుంది. అలాంటి దాని మీద ఒక్క 12706 పెడితే అది మధ్యలో అడ్డుగోడే.

సమస్య: ఆన్ చేయగానే కంప్యూటర్ ఆగిపోతోంది, లేదా పిన్ను గోధుమరంగుకు తిరిగింది

కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) నుంచే పెల్టియర్‌కు ఇస్తున్నారు. మొదటి క్షణంలో రెండు వైపులా ఒకే వేడి ఉంటుంది కాబట్టి మాడ్యూల్ ఎక్కువ కరెంటు లాగుతుంది, తర్వాత తగ్గుతుంది. హార్డ్ డిస్క్‌కు కరెంటిచ్చే సాటా కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కోదానికి ఒకటిన్నర ఆంపియర్, మొత్తం నాలుగున్నర. దాని మీద 12710 పెడితే ప్లాస్టిక్ కరగక తప్పదు. సీసీటీవీ సామాను అమ్మే షాపుల్లో జాలీ డబ్బా ఎస్ఎంపీఎస్ దొరుకుతుంది, 12 వోల్టులది, మాడ్యూల్ ఆంపియర్లకు ఒకటిన్నర రెట్లది తీసుకోండి. దాని పక్కనున్న చిన్న స్విచ్ 220 మీదే ఉందో లేదో చూసి ప్లగ్గు పెట్టండి.

వేరే సప్లై పెట్టినప్పుడు అది కంప్యూటర్‌తోపాటే ఆన్ కావాలి. కంప్యూటర్ 12 వోల్టులతో పనిచేసే రిలే (కరెంటుతో పడే స్విచ్) ఒకటి మధ్యలో పెడితే చాలు. కరెంటు లేని పెల్టియర్ వేడిని ఆపుతుంది తప్ప వదలదు, ప్రాసెసర్ కొద్ది సెకన్లలో మరిగిపోతుంది.

సమస్య: మీటర్‌లో వోల్టేజీ సరిగ్గానే ఉంది, చల్లదనం మాత్రం సగమే

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. మాడ్యూల్ మార్చినా, పేస్ట్ మళ్లీ రాసినా పోదు.

చల్లదనం తగ్గించడానికని మధ్యలో డీసీ మోటార్ స్పీడ్ కంట్రోలర్, లేదా ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు)తో ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టి ఉంటారు. నాబ్ సగానికి తిప్పితే మీటర్ 6 వోల్టులు చూపిస్తుంది, సరే అనిపిస్తుంది. నిజానికి మాడ్యూల్‌కు 6 వోల్టులు ఎప్పుడూ అందడం లేదు. 12 వోల్టులు వస్తాయి, ఆగుతాయి, మళ్లీ వస్తాయి. మీటర్ సగటు చూపిస్తోంది, అంతే.

మోటార్‌కు ఇది నడుస్తుంది, పెల్టియర్‌కు నడవదు. వేడిని మోయడం సగటు కరెంటు మీద ఆధారపడుతుంది. లోపల పుట్టే సొంత వేడి మాత్రం కరెంటు వర్గం మీద ఆధారపడుతుంది. 12710 నిరోధం సుమారు 1.1 ఓములు. నిలకడగా 4 ఆంపియర్లిస్తే సొంత వేడి 17, 18 వాట్లు. అదే 8 ఆంపియర్లు సగం సేపు, సున్నా సగం సేపు ఇస్తే సగటు 4 ఆంపియర్లే, సొంత వేడి 35 వాట్లు. ఈ పెరిగిన వేడిలో సగం చల్లని వైపుకే తిరిగి వస్తుంది. అంటే ప్రాసెసర్ నుంచి లాగాల్సిన దాంట్లో దాదాపు 9 వాట్లు గాలికి పోయినట్టే, పైగా హీట్‌సింక్ మీద అదనపు భారం.

పట్టుకునేదెట్లా? మీటర్‌లో హెర్ట్జ్ రేంజి ఉంటే మాడ్యూల్ తీగల మీద పెట్టండి. ఆర్డుయినో అయితే 490 లేదా 980 దగ్గర చూపిస్తుంది, స్పీడ్ కంట్రోలర్ అయితే వేలల్లో ఉండొచ్చు. అంకె నిలకడగా కనబడిందంటే పల్సే. హెర్ట్జ్ లేని చవక పసుపు మీటర్‌లో ఏసీ రేంజితో చూడొద్దు, వాటిలో చాలా రకాలు మామూలు డీసీని కూడా ఏసీలాగే చూపిస్తాయి.

ఇంకో తప్పు: పల్సును సాఫు చేద్దామని కంట్రోలర్ అవుట్‌పుట్‌కు నేరుగా పెద్ద కెపాసిటర్ కట్టడం. ప్రతి పల్సుకూ ఖాళీ కెపాసిటర్ షార్ట్‌లాగా లాగుతుంది, మాస్‌ఫెట్ కాలిపోతుంది. మధ్యలో కాయిల్ లేకుండా కెపాసిటర్ పెట్టొద్దు.

కంట్రోలర్ తీసేసి బక్ కన్వర్టర్ (డీసీ వోల్టేజీని తగ్గించే బోర్డు) పెట్టండి. దాంట్లో కాయిల్, కెపాసిటర్ ముందే ఉంటాయి, బయటికి నిలకడ డీసీ వస్తుంది. 20 ఆంపియర్లని రాసిన బోర్డు మీద 10కి మించి ఎక్కువసేపు నడపొద్దు, దాని హీట్‌సింక్‌కూ చిన్న ఫ్యాన్ ఉండాలి. మాడ్యూల్ కలపకుండా 6 వోల్టులకు సెట్ చేసి, తర్వాత కలపండి. ప్రాసెసర్‌ను లోడ్‌లో ఉంచి ఐదు నిమిషాలు ఆగి వేడి రాసుకోండి. ఒక్కో వోల్టు పెంచుతూ మళ్లీ అదే. ఎక్కడో ఒకచోట వేడి తగ్గడం ఆగి పెరగడం మొదలవుతుంది. అక్కడినుంచి ఒక వోల్టు వెనక్కి రండి. మామూలుగా ఇది 8 నుంచి 10 వోల్టుల మధ్యే దొరుకుతుంది. పూర్తి 12 ఇస్తేనే బాగా చల్లబడుతుందన్న నమ్మకం చాలా మాడ్యూళ్లను వృథాగా మరిగించింది.

రిలే థర్మోస్టాట్‌తో ఆన్-ఆఫ్ చేయడం కూడా వద్దు. ఆఫ్ కాగానే హీట్‌సింక్ వేడి ప్రాసెసర్ వైపు వెనక్కి పారుతుంది, వేడి-చల్లని దెబ్బలకు లోపలి టంకం పగులుతుంది.

సమస్య: వానాకాలంలో బోర్డు మీద తేమ

జులై, ఆగస్టులో గాలిలో తేమ ఎక్కువ, 25 డిగ్రీల కంటే కిందికి పోయిన లోహం మీద నీళ్లు పడతాయి. గదిలో నీళ్ల కూలర్ నడుస్తుంటే ఇంకా జల్దీ. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజీ తగ్గించండి, సాకెట్ చుట్టూ గాలి దూరని నైట్రైల్ ఫోమ్ పెట్టండి.

మిగతావి

చల్లని వైపు తిరగబడిందా అన్న అనుమానముంటే మీద రాసిన అక్షరాలను నమ్మొద్దు. ఒక పెన్సిల్ సెల్ తగిలించి మాడ్యూల్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే కొద్ది సెకన్లలో తెలుస్తుంది. సన్న తీగలో వోల్టేజీ పడిపోతోందన్న అనుమానముంటే మాడ్యూల్ తీగల దగ్గర, ఎస్ఎంపీఎస్ దగ్గర లోడ్‌లో కొలిచి తేడా అర వోల్టు దాటితేనే తీగ మార్చండి. మాడ్యూల్ నిజంగా పోయిందా అన్నది చివరన చూడండి: విప్పి, గది వేడికి వచ్చేదాకా ఆగి ఓములు కొలవండి, తీగలు మార్చి ఇంకోసారి కొలిచి సగటు తీయండి. 12706కు 2 ఓముల చుట్టుపక్కల రావాలి. మీటర్ కదలకపోతే లోపల తెగింది, అప్పుడు కొత్తది కొనండి.