ఉప్పుగాలి తగిలే కారుకు రంగు వేసే ముందు రేకును సిద్ధం చేసుకోవడం

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. కళింగపట్నం, బారువ వంటి ఊళ్లలోనూ, విజయనగరం వైపు చింతపల్లి తీరంలోనూ ఆరుబయట నిలిపే కార్లకు ఉప్పుగాలి రాత్రింబవళ్లు తగులుతూనే ఉంటుంది. అందువల్ల ఈ ప్రాంతంలో కారుకు సొంతంగా రంగు వేసుకోదలచినవారు, ఏ రంగు వేయాలన్న ఆలోచన కంటే ముందు, పాత రంగు కింద తుప్పు ఎంత దూరం పాకిందో తెలుసుకోవాలి. ఒకవేళ రంగునే మార్చదలిస్తే, ఆర్‌సీలో ఆ మార్పును నమోదు చేయించడానికి రవాణా కార్యాలయంలో ముందుగానే విచారించుకోవడం మంచిది.

పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అక్టోబరు, నవంబరు నెలలను వదిలేయండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు రెండూ అక్టోబరులోనే ఈ తీరాన్ని తాకాయి. చలికాలంలోనూ తెల్లవారుజామున రేకు మీద మంచు చెమ్మ చేరుతుంది కాబట్టి, పదిగంటలకు ఎండ తగిలి రేకు పూర్తిగా ఆరిన తరువాతే పని మొదలుపెట్టాలి.

ముందుగా కారును సబ్బు నీటితో కడిగి, లైట్లు, తలుపు పిడులు, అంచుల రబ్బర్లు, నంబరు ప్లేట్లు విప్పి పక్కన పెట్టండి. వీటిని విప్పకుండా చుట్టూ టేపు అంటిస్తే, కొత్త రంగు పొర ఆ అంచుల దగ్గరే మొదట లేస్తుంది. తరువాత మైనాన్నీ జిడ్డునూ తీసే ద్రావకంతో ప్రతి భాగాన్నీ తుడవాలి. ఈ పని రుద్దడానికి ముందే జరగాలి, ఎందుకంటే పాలిష్ మైనం ఉన్న రేకు మీద ఎమెరీ పేపరు ఆడిస్తే ఆ మైనం గీతల లోతుల్లోకి దిగిపోతుంది, ఆ తరువాత ఎంత తుడిచినా పూర్తిగా రాదు. ఒక గుడ్డతో ద్రావకం రాసి, అది ఆరకముందే పొడిగా ఉన్న మరో గుడ్డతో తుడవాలి. గుడ్డ మెత్తని పాత నూలుదై ఉండాలి. ఇంట్లో పాత పొందూరు ఖద్దరు పంచె ఉంటే వాడుకోవచ్చు, కానీ గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టాలి. తుడిచాక కొంచెం నీళ్లు చల్లి చూడండి. నీరు రేకు మీద పలుచగా పరుచుకుంటే జిడ్డు పోయినట్లు, ముత్యాల్లా చుట్టుకుంటే మళ్లీ తుడవాలి.

తుప్పు విషయంలో మొహమాటం పనికిరాదు. మా కారు వెనుక చక్రం పైన మినపగింజంత పొక్కు కనిపిస్తే, స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూశాను. పెంకు ఊడి గోధుమరంగు పొడి రాలింది; 80 నంబరు ఎమెరీ పేపరుతో (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) రుద్దుతూ పోగా చివరికి అరచేయంత మేర తుప్పు బయటపడింది. మచ్చకు నాలుగు వైపులా మెరిసే రేకు కనిపించేదాకా రుద్దాలి. గుంటల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు వాడి, డబ్బా మీద చెప్పినట్లే కడిగి ఆరబెట్టాలి. రేకుకు చిల్లు పడితే పుట్టీతో పూడ్చవద్దు. టింకరింగ్ మేస్త్రీ చేత ముక్క అతికించుకోవాలి.

ఇక్కడ నీటి సంగతి తప్పక చెప్పాలి. తీరం దగ్గర చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీటితో కడిగి రేకును అలాగే ఆరనిస్తే ఉప్పు దాని మీదే మిగిలిపోతుంది. పైన ఎంత మంచి రంగు వేసినా, ఆ ఉప్పు తేమను లోపలికి లాగి కొంతకాలానికి పొక్కులు లేపుతుంది. అందుకే ఆఖరి కడుగుకు మంచినీళ్లే వాడి, వెంటనే తుడిచి ఆరబెట్టండి. బయటపడ్డ రేకును ఒక్క రాత్రి కూడా వదలకుండా అదే రోజు ఎపాక్సీ ప్రైమరు, అంటే రేకుకు తేమ తగలకుండా కాపాడే అడుగు పూత, వేయాలి.

సొట్టలకు పాలియెస్టర్ పుట్టీ వాడతారు. నూరు గ్రాముల పుట్టీకి సుమారు రెండు గ్రాముల హార్డెనరు (దానిని గట్టిపరిచే మందు) కలిపి, రంగు చారలు లేకుండా ఒకే తీరుగా అయ్యేవరకు కలపాలి. మన ఎండలో అది నిమిషాల్లోనే బిగుస్తుంది కనుక కొంచెం కొంచెంగా కలుపుకోండి. పొర మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. పుట్టీ నీటిని పీలుస్తుంది కాబట్టి దానిని పొడిగానే, 80తో మొదలుపెట్టి 180, 320 నంబర్ల పేపర్లతో, చెక్క దిమ్మకు చుట్టి రుద్దాలి. కళ్లు మూసుకుని అరచేతిని దానిమీదుగా జరిపితే, కంటికి కనిపించని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి.

గట్టిగా ఉన్న పాత రంగును పూర్తిగా తీయనక్కరలేదు. 400 నుంచి 600 నంబరు వాటర్ పేపరుతో (నీళ్లతో తడిపి రుద్దే ఎమెరీ పేపరు) మెరుపు పోయేలా రుద్దితే చాలు. అయితే ఎవరికీ కనిపించని చోట థిన్నరు గుడ్డను ఒక నిమిషం అదిమి చూడండి. రంగు కరిగి గుడ్డకు అంటితే, అది గతంలో ఎవరో వేసిన లక్కర్ రంగు. దానిమీద కొత్త రంగు ముడతలు పడుతుంది కనుక దానిని తీసేయాల్సిందే.

రుద్దేటప్పుడు దుమ్ము మాస్కు, ఆమ్లం వాడేటప్పుడు చేతి తొడుగులు పెట్టుకోవాలి. దుమ్ము మాస్కు థిన్నరు ఆవిరిని ఆపదు. హార్డెనరు కలిపి చల్లే రంగుల్లో సాధారణంగా ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు తీవ్ర హాని చేస్తాయి కనుక, తగిన గాలి సరఫరా ముసుగు లేనివారు చల్లడం వరకు వర్క్‌షాపుకే అప్పగించాలి. కారు అక్కడికి చేరాక, రంగు చల్లడానికి కొద్ది నిమిషాల ముందు రేకును మరోసారి ద్రావకంతో తుడిచి, జిగురు గుడ్డతో దుమ్ము ఎత్తించమని మేస్త్రీని అడిగి, ఆ పని అయ్యేదాకా దగ్గరే ఉండి చూసుకోండి.