ఒపేరాను వేదికపైకి తేవడం – 6వ పాఠం: గనిని పక్కన పెట్టి అగస్టాను చూడండి

ఈ పాఠంలో లైటింగ్ మొదలుపెట్టాల్సింది. దాన్ని తర్వాతి పాఠానికి జరిపాను. పోయినసారి ‘ది బ్యాలడ్ ఆఫ్ బేబీ డో’ అనే ఒపేరా మొదటి రంగానికి ఫ్లోర్ ప్లాన్ (వేదికను పైనుంచి చూసినట్టు గీసే పటం) గీసి పంపమన్నాను కదా. వెండితో కోటీశ్వరుడైన హొరేస్ టేబర్ భార్య అగస్టాను వదిలి, బేబీ డో అనే యువతిని పెళ్లాడి, చివరికి డబ్బంతా పోగొట్టుకునే కథ అది. ప్లాన్లలో చాలామంది ఒకే చోట తడబడ్డారు. వేదిక నడుమ పెద్ద గని ముఖద్వారం, పక్కన గడ్డపారలు, బంగారం జల్లించే పళ్లేలు, సారాకొట్టు తలుపు, గుర్రాలు కట్టే కొయ్య. కొలతలు బాగా వేశారు, శ్రమ కనిపిస్తోంది. కానీ ఆ వేదిక మీద ఈ ఒపేరా నడవదు. ఎందుకు నడవదో తేల్చుకోకుండా లైట్లు ఎక్కడ పెట్టాలని అడిగి లాభం లేదు.

మొదటి రంగం గనిలో జరగదు. 1880లో, కొలరాడోలోని లెడ్‌విల్ ఊళ్లో, హొరేస్ టేబర్ కట్టించిన ఒపేరా హౌస్ బయట వీధిలో జరుగుతుంది. లోపల కచేరీ సాగుతుంటే టేబర్, అతని స్నేహితులు విసుగెత్తి బయటికొచ్చి చిందులేస్తారు, భార్యలు వచ్చి చీవాట్లు పెడతారు. మనం చూడాల్సింది గనిని కాదు, గని తెచ్చిన డబ్బుతో మనుషులు ఏం చేస్తున్నారో అది. అందుకే పట్టు బట్టలు కావాలి, కొత్త రంగు వాసన పోని గోడ కావాలి.

ఆ పళ్లేల సంగతీ చెప్పేస్తాను. ఇసుక జల్లించి బంగారం ఏరిన కాలం అక్కడ 1860 నాటిది. టేబర్‌ను కోటీశ్వరుణ్ని చేసింది వెండి. సీసంతో కలిసిన ఆ ఖనిజాన్ని భూమి లోపల రాతిని తొలిచి తీయాలి. సొరంగంలో వెలుతురు కొవ్వొత్తిదే, దాన్ని ఇనుప మేకుకు తగిలించి కొయ్యలోకి గుచ్చేవారు. టోపీకి పెట్టుకునే కార్బైడ్ దీపాలు 1900 తర్వాత గానీ రాలేదు. కాబట్టి మీ ప్లాన్లలో ఉన్న టోపీ దీపాలన్నీ తీసేయండి.

గని ఎప్పుడు కనిపించాలి? నా పద్ధతి ఒకటుంది, ఒప్పుకోని దర్శకులు ఉంటారు. మొదటి అంకమంతా మ్యాచ్‌లెస్ గనిని అసలు చూపించను. 1879లో టేబర్ 1,17,000 డాలర్లకు కొన్న గని అది. రెండో అంకంలో డబ్బు పోయాకే మూడు దుంగలతో ఆ ద్వారం నిలబెడతాను. ఉన్నన్నాళ్లూ కనిపించనిది, పోయాక కనిపించాలి.

ఇక సెట్. మొత్తం రెండు అంకాలు, 11 రంగాలు. వీధి, హోటల్, టేబర్ ఇల్లు, అగస్టా ఇల్లు, వాషింగ్టన్‌లో పెళ్లి జరిగిన విల్లర్డ్ హోటల్, డ్యాన్స్ జరిగే చోట బాల్కనీ, పేకాట గది, గని, చివరికి డెన్వర్‌లోని టేబర్ గ్రాండ్ ఒపేరా హౌస్. మీరు మొదటి రంగం నుంచి గీసుకుంటూ పోతున్నారు కాబట్టి నాలుగో రంగానికే వేదిక నిండిపోతోంది. చివరి రంగం నుంచి వెనక్కి రండి. అది ఖాళీ నాటకశాల వేదిక. వెనుక ఇటుక గోడ, కొయ్య నేల, అంతే. జబ్బుపడ్డ ముసలి టేబర్ తాను 1881లో కట్టించిన చోటికే వచ్చి, జరిగినదీ జరగబోయేదీ కళ్లముందు కనిపిస్తుండగా కూలిపోతాడు. ఆ ఖాళీ నేలను ముందు గీయండి. మిగిలిన పది రంగాలూ దాని మీద నాలుగు వస్తువులు మించకుండా తెచ్చిపెట్టేవే. పేకాటకు ఒక బల్ల, కుర్చీలు. హోటల్‌కు ఒక కిటికీ, దాని వెనుక పియానో. పెళ్లికి షాండిలియర్ ఒక్కటి చాలు. అలా చేస్తే చివర్లో ఏమీ మార్చక్కర్లేదు, ఉన్నవి తీసేస్తే సరిపోతుంది. టేబర్ ఇంతకాలం ఎక్కడ బతికాడో చూసేవాళ్లకు అప్పుడు తెలుస్తుంది. (ఆ డెన్వర్ భవనాన్ని 1964లో కూల్చేశారు, పాత ఫొటోలు చూసి గీసుకోండి. లెడ్‌విల్‌లోది ఇప్పటికీ ఉంది.)

చిన్న వేదిక కాబట్టి కుదరదని రాసినవాళ్లకు ఒక మాట. డగ్లస్ మూర్ సంగీతంతో, జాన్ లటూష్ రాసిన మాటలతో ఇది మొదటిసారి ఆడింది 1956 జూలై 7న, కొలరాడోలోనే సెంట్రల్ సిటీ అనే గనుల ఊళ్లో. 1878లో కట్టిన ఆ రాతి నాటకశాలలో సుమారు 550 సీట్లు మాత్రమే. చిన్న వేదిక ఈ ఒపేరాకు పుట్టిల్లు.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. పంపినవాటిలో నన్ను బాగా బాధపెట్టింది సెట్ కాదు, అగస్టా. దాదాపు అందరూ ఆమెను గయ్యాళిని చేశారు. ఒకరు నడుం మీద చేతులు పెట్టించారు. ఒకరు వేలు చూపిస్తూ వేదికంతా తిప్పారు. ఇంకొకరు ఆమె వచ్చినప్పుడల్లా ఎర్ర లైటు రాశారు. దయచేసి ఈ అలవాటు ఇక్కడే వదిలేయండి. మొదటి భార్య అనగానే అరిచే మనిషి అని మనకు ఎవరో నేర్పారు. ఈ స్కోరులో (సంగీతం, మాటలు రాసి ఉన్న ప్రతిలో) మాత్రం అలా లేదు.

ఆమె ఎవరో చూడండి. 1859లో చంకలో బిడ్డతో కొలరాడో చేరింది. గనుల శిబిరాల్లో వంట చేసి పెట్టింది, కొట్టు నడిపింది, బంగారు రజను తూచింది. ఇరవై ఏళ్లు లెక్క తప్పకుండా బతికిన మనిషి. అలాంటి మనిషి కోపం వస్తే చేతులు ఊపదు, కదలకుండా ఉండిపోతుంది. మూడో రంగంలో టేబర్ వస్తువులు సర్దుతుంటే ఆమెకు ఒక జత చేతి తొడుగులు దొరుకుతాయి. తనకే తెచ్చాడనుకుంటుంది. తర్వాత చీటీ చదువుతుంది, అవి బేబీ డో కోసం. మీలో చాలామంది చీటీ చదవగానే తొడుగులు విసిరికొట్టించారు. విసరకండి. ఒక తొడుగు అప్పటికే సగం వేసుకుని ఉండనివ్వండి, అది ఆ అరిగిపోయిన చేతికి ఎక్కక ఆగిపోవాలి. ఆ తర్వాత గొడవంతా ఆ తొడుగు చేతికి ఉండగానే పాడాలి.

తర్వాతి రంగం ఇంకా ముఖ్యం. బేబీ డో ఊరు వదిలి వెళ్దామని అమ్మకు ఉత్తరం రాస్తుంది. అగస్టా హోటల్‌కు వస్తుంది. బేబీ డో తగ్గి మాట్లాడుతుంది, టేబర్ మామూలు మగవాళ్లలాంటివాడు కాదంటుంది. అగస్టా ఆ మాటను తీసిపారేస్తుంది. భర్తను ఆమె అంత తక్కువ చేసి మాట్లాడటం విన్నాకే బేబీ డో వెళ్లడం మానుకుంటుంది. కథ మలుపు తిరిగేది ఆ ఒక్క మాటతో. అగస్టా వచ్చినప్పటి నుంచీ అరుస్తుంటే ఆ మాట ఎవరికి వినబడుతుంది? ఆమెను కూర్చోబెట్టండి. మాట అనేసి లేవాలి, వెళ్లిపోవాలి, అంతే.

రెండో అంకంలో ఆమె ఆరియా (ఒక్కరే పాడే పెద్ద పాట) దగ్గర మరో చిక్కు. పద్యనాటకాల నుంచి వచ్చినవాళ్లు ఆమెను వేదిక అంచుకు, మైకు ఉండే చోటికి నడిపించారు. ఒపేరాలో మైకు లేదు, గొంతు ఆర్కెస్ట్రా మీదుగా తనంతట తాను వెళ్లాలి. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ ఆమెకు కనిపించే చోటైతే చాలు, వెనుకనున్నా ఫర్వాలేదు. బేబీ డో తల్లి వచ్చి సాయం అడుగుతుంది, అగస్టా కాదంటుంది. ఆ తర్వాత ఒంటరిగా తనను తానే నిలదీసుకుంటుంది. తనను తాను ప్రశ్నించుకునే మనిషి ప్రేక్షకుల వైపు ఎందుకు నడుస్తుంది? ఆ స్త్రీ వెళ్లిపోయిన తలుపు వైపే ఆమె కళ్లు ఉండాలి. నిజ జీవితంలో అగస్టా 1895లోనే చనిపోయింది, ఒపేరాలో ఈ రంగం 1896 నవంబరులో. ప్రోగ్రామ్ పుస్తకంలో రాయండి, వేదిక మీద స్కోరునే నమ్మండి.

కోరస్ (గుంపుగా పాడేవాళ్లు) గురించి ఒక్క మాట. రెండో అంకంలో వాళ్లు గని కార్మికులు. 1890 చట్టం ప్రకారం అమెరికా ప్రభుత్వం నెలకు 45 లక్షల ఔన్సుల వెండి కొనాలి. 1893లో ఆ చట్టం రద్దయింది. గనులు మూతపడ్డాయి. 1896లో విలియం జెన్నింగ్స్ బ్రయన్ వెండి నాణెం తెస్తానని అధ్యక్ష ఎన్నికల్లో నిలబడితే ఆ గని కార్మికులు జేజేలు కొట్టింది అందుకే. జెండాలు ఊపించే ముందు ఈ సంగతి కోరస్‌లో ప్రతి ఒక్కరికీ చెప్పండి. పని పోయినవాడి జేజే వేరుగా ఉంటుంది.

ఇంటిపని. అగస్టా ఆరియా ఉన్న రంగం మొత్తం పియానో స్కోరులో తీసుకోండి. ప్రతి బార్ (స్కోరులో నిలువు గీతల మధ్య ఉండే ఒక్కో తాళ భాగం) మీద పెన్సిల్‌తో ఆమె కళ్లు ఎక్కడున్నాయో రాయండి, ఒక్క బార్ కూడా వదలొద్దు. రెండుసార్లు చేయండి: మొదటిసారి ఆమె కుర్చీలోంచి లేవకూడదు, రెండోసారి కూర్చోకూడదు. రెండింటినీ రికార్డింగ్ పెట్టుకుని స్టాప్‌వాచ్‌తో మీరే నడిచి చూడండి. తర్వాత ట్రేసింగ్ కాగితాల మీద 11 రంగాల ఫ్లోర్ ప్లాన్లు, చివరి రంగం అడుగున పెట్టి, రంగానికి నాలుగు వస్తువులు మించకుండా గీయండి. అన్నీ కలిపి పంపండి. ఇవి పూర్తిచేసినవాళ్లతోనే లైటింగ్ మొదలుపెడతాను.