ల్యాప్‌టాప్ ప్రాసెసర్ స్పీడు తక్కువ చూపిస్తోందా? అమ్మినవాడి మీదికి వెళ్లేముందు ఇవి చూడండి

గుంటూరులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మడం నా పని. షాపుకి తరచూ వచ్చే పంచాయితీ ఒకటుంది: "అన్నా, 3.4 గిగాహెర్ట్జ్ అన్నావు, ఇందులో 1.60 అని రాసుంది!" అదే మెషిన్‌లో వాళ్ల బావమరిది 1.80 వెతికి పట్టుకుంటాడు. ఇంకో సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే 200 మెగాహెర్ట్జ్ కూడా లేదంటుంది. నాలుగు అంకెలూ నిజమే కావచ్చు. ఏది దేన్ని చెబుతోందో తెలియకపోతే మాత్రం గొడవే.

మా దగ్గర బాగా తిరిగే ఇంటెల్ ప్రాసెసర్ ఐ5-8250యూనే తీసుకుందాం. 1.60 అసలు కొలతే కాదు. చిప్ పేరులో భాగంగా ఇంటెల్ రాసిపెట్టిన మాట; ప్రాసెసర్ ఎంత వేగంగా పరిగెత్తినా అది మారదు. ఈ చిప్ మామూలుగా 15 వాట్లది. ల్యాప్‌టాప్ కంపెనీ కావాలనుకుంటే 25 వాట్లకు పెంచుకోవచ్చు, అప్పుడు దాని బేస్ స్పీడు, అంటే టర్బో లేకుండా ఉండే మామూలు వేగం, 1.80. విండోస్ సిస్టమ్ పేజీలో 1.60, 1.80 పక్కపక్కనే కనబడేది అందుకే. 3.4 అనేది టర్బో పైకప్పు, అంటే పని పడ్డప్పుడు కాసేపు అందుకోగల గరిష్ఠ వేగం. ఎప్పుడూ అక్కడే ఉంటుందని ఎవరూ మాటివ్వలేదు, నేనైతే అసలే ఇవ్వను.

ఇప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. బేస్ స్పీడ్ అని ఉన్నది వదిలేయండి, స్పీడ్ అని ఉన్నదే చూడాలి. ప్రాసెసర్ లోపల రెండు కౌంటర్లు ఉంటాయి. ఒకటి స్థిరమైన వేగంతో లెక్కపెడుతుంది, రెండోది కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక్కో భాగం) నిజంగా పరిగెత్తిన వేగంతో. ఈ రెంటి నిష్పత్తిని బేస్ స్పీడుతో గుణిస్తే వచ్చేదే ఆ అంకె. 1.80 బేస్ మీద నిష్పత్తి 150 శాతం ఉంటే 2.70 అని చూపిస్తుంది. మెలిక ఎక్కడంటే, కోర్ నిద్రపోయినప్పుడు ఆ కౌంటర్లు రెండూ ఆగిపోతాయి. కాబట్టి టాస్క్ మేనేజర్ చెప్పేది మెలకువగా ఉన్నంతసేపటి వేగం మాత్రమే. ఏ పనీ లేకపోయినా 2.9 కనిపించడం వింతేమీ కాదు.

మెషిన్ లోపలి రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో "ఎఫెక్టివ్ క్లాక్" అని విడిగా వరసలుంటాయి. అవి నిద్రను కూడా లెక్కలో వేస్తాయి. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సు స్పీడోమీటర్‌లో 80 ఉండొచ్చు. సూర్యాపేటలో టీకి ఆగిన అరగంట కూడా కలిపి లెక్కేస్తే సగటు అంత రాదు. 200 మెగాహెర్ట్జ్ చూసి బెంబేలెత్తినవాళ్లు చూసింది ఆ సగటునే. కోర్ దాదాపు అంతసేపూ నిద్రలోనే ఉంది, బ్యాటరీకి మంచిదే. లైనక్స్ వాడేవాళ్లకి టర్బోస్టాట్ అనే టూల్‌లో మెలకువ వేగం, సగటు వేగం రెండూ వేర్వేరు కాలమ్‌లలో వస్తాయి, గందరగోళం తక్కువ.

చూడటం వల్ల కూడా అంకె మారుతుంది. కోర్ ఎంత వేగంగా ఉందో అడగాలంటే దాన్ని లేపాలి కదా. 2019లో ఏఎండీ కంపెనీ రైజెన్ 3000 చిప్‌లు కొత్తగా వచ్చినప్పుడు, ఖాళీగా ఉన్నా స్పీడూ వోల్టేజీ దిగట్లేదని జనం గగ్గోలు పెట్టారు. చూసే సాఫ్ట్‌వేర్‌లే దాన్ని మాటిమాటికీ లేపుతున్నాయని ఏఎండీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అందుకే ఒకేసారి మూడు నాలుగు టూల్స్ తెరిచి పోల్చకండి. ఒక్కటే ఉంచండి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పోలింగ్ సమయం (ఎంతసేపటికోసారి అడగాలన్నది) 2 సెకన్ల నుంచి 5కి పెంచండి. టూల్ పాతదైతే కొత్త వెర్షన్ వేసుకోండి. తను పుట్టాక వచ్చిన చిప్‌ల గురించి అది చెప్పేదానికి గ్యారంటీ లేదు.

అసలు పరీక్ష ఇది. చార్జర్ పెట్టండి, పవర్ మోడ్ బెస్ట్ పర్ఫార్మెన్స్‌కి మార్చండి, బ్రౌజర్ మూసేయండి. ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్ సెవెన్‌జిప్ ఇన్‌స్టాల్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో దాని ఫోల్డర్‌లోకి వెళ్లి "7జెడ్ బి" అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ వదిలి కొట్టండి. మొదట్లోనే సీపీయూ ఫ్రీక్వెన్సీ అంటూ మెగాహెర్ట్జ్‌లో అంకెల వరస వస్తుంది. ఇది ప్రాసెసర్‌ను "నీ స్పీడెంత?" అని అడగదు. తెలిసిన లెక్కలు వరసగా చేయించి, ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసుకుంటుంది. నాకు నచ్చేది అందుకే. ఒక్క థ్రెడ్ (ఒకే కోర్ మీద నడిచే పని) వరసలో 3300కి అటూఇటూ వస్తే ఐ5-8250యూ ఆరోగ్యంగా ఉన్నట్టే. తర్వాత అన్ని కోర్ల మీదా లోడ్ పడి కాసేపయ్యాక స్పీడు దిగితే కంగారు పడకండి, వాట్ల పరిమితి దాన్ని కిందికి లాగుతుంది.

గడియారమే తప్పైతే ఈ కొలతా తప్పే. ఇంటెల్ మెషిన్‌లలో విండోస్ 8 నడుస్తుండగా బస్ క్లాక్ (ప్రాసెసర్ స్పీడుకు ఆధారమైన మూల వేగం) మారిస్తే సిస్టమ్ టైమే జరిగిపోతోందని, 2013లో ఓవర్‌క్లాక్ పోటీల స్కోర్లు నమోదు చేసే హెచ్‌డబ్ల్యూబాట్ సైట్ విండోస్ 8 స్కోర్లను పక్కన పెట్టింది. ఓవర్‌క్లాక్, అంటే చిప్‌ను దాని స్పీడు మించి పరిగెత్తించడం, జోలికి పోని మనకు ఆ బాధ లేదు.

ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే టూల్‌లో బస్ స్పీడు 100 బదులు 99.8 ఉండటం, దాంతో 4.0 కావాల్సినది 3.99 కావడం గురించి కూడా అడుగుతుంటారు. రేడియో అలజడి తగ్గడానికి స్ప్రెడ్ స్పెక్ట్రమ్ అనే ఏర్పాటు క్లాక్‌ను కొంచెం కిందికి ఊపుతుంది. వదిలేయండి. ఇంకోటి, సీపీయూ-జెడ్ మొదటి పేజీలో ఉండేది ఒక్క కోర్ స్పీడే. అన్నీ కావాలంటే టూల్స్‌లో క్లాక్స్ తెరవాలి. ఇంటెల్ 12వ తరం చిప్‌లలో చాలావాటిలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసుంటాయి కాబట్టి అక్కడ ఒక్క అంకెతో తేల్చేయడం అన్యాయం.

విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ అనే సెక్యూరిటీ ఏర్పాటుగానీ, వర్చువల్ మెషిన్‌లు నడిపే హైపర్-విగానీ ఆన్‌లో ఉంటే, విండోస్ కింద హైపర్‌వైజర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ పొర నడుస్తుంది. అప్పుడు కొన్ని టూల్స్ బస్ క్లాక్‌ను వంకరగా చూపిస్తాయి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అడుగున హైపర్‌వైజర్ ఉన్నట్టు రాసి ఉందేమో చూసుకోండి. అంకె కోసం సెక్యూరిటీ తీసేయడం నాకు ఇష్టం ఉండదు.

ఇక పని చేస్తున్నా స్పీడు 0.39 గిగాహెర్ట్జ్ దగ్గరే అతుక్కుపోయిందంటే, అది తప్పు రీడింగ్ కాదు. మెషిన్ నిజంగానే కుంటుతోంది. మదర్‌బోర్డు మీద వేరే ఏదో భాగం "తగ్గు" అని సంకేతం పంపితే ప్రాసెసర్ ఇలా నేలకు దిగుతుంది. ప్రాసెసర్ వేగం ఎందుకు తగ్గిందో చూపించే థ్రాటిల్‌స్టాప్ అనే టూల్‌లో ఆ సంకేతం పేరు బీడీ ప్రోచాట్. ఆ టిక్ తీయగానే స్పీడు లేచిందా, కారణం దొరికినట్టే. కానీ టిక్ తీసేసి అలాగే వాడుకోకండి, ముందు చార్జర్ మార్చి చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమ చార్జర్‌ను గుర్తుపట్టకపోతే ఇలాగే మొరాయిస్తాయి. చార్జర్ మార్చినా లేవకపోతే బ్యాటరీ, ఆ తర్వాత బోర్డు మీది సెన్సర్లు. అక్కడికొచ్చాక స్క్రూడ్రైవర్ పట్టాల్సిందే.