బ్రైటన్ పాత ఇళ్లను చూడటం ఎలా?

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ వెళ్లినవాళ్లు బీచ్‌లో నాలుగు ఫొటోలు దిగి, సముద్రంలోకి కట్టిన వంతెనలాంటి ప్యాలెస్ పియర్ చూసి వచ్చేస్తారు. సముద్రానికి ఎదురుగా ఉన్న పాత ఇళ్ల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఒక పూట టైమ్ ఉంటే ఇలా చూడండి.

ముందుగా ఒక మాట: అక్కడ టెర్రస్ హౌస్ అంటే డాబా ఇల్లు కాదు. ఉమ్మడి గోడలతో ఒకదానికొకటి అతుక్కుని ఉండే వరస ఇళ్లు.

1. పక్కనే ఉన్న హోవ్ ఊరి వైపు బ్రన్స్‌విక్ స్క్వేర్‌తో మొదలుపెట్టండి. 1820లలో ఆర్కిటెక్ట్ చార్లెస్ బస్బీ ప్లాను గీసిన ఇళ్ల వరసలు ఇవి. దగ్గరికి పోకుండా, ఎదురుగా దూరం నుంచి చూడండి. విడివిడి ఇళ్లన్నీ కలిసి ఒకే రాజభవనంలా కనిపిస్తాయి. కావాలనే అలా కట్టారు. ఇప్పుడు కిటికీల ఎత్తు గమనించండి. మొదటి అంతస్తులోవి అన్నిటికంటే పొడవు, ఎందుకంటే అతిథులు కూర్చునే హాలు అక్కడే. పైకి పోయేకొద్దీ కిటికీలు కుదించుకుపోతాయి. అటక మీద పనివాళ్ల పడకలు, నేలమట్టానికి కింద వంటగది. ముందుకు ఉబ్బిన కిటికీలు ఊరికే పెట్టలేదు. స్క్వేర్‌కు ఒక వైపే సముద్రం కదా, పక్క వరసల్లో ఉన్నవాళ్లకీ అది కనబడాలి.

2. ఇక గోడ దగ్గరికి వెళ్లండి. కింది అంతస్తులో పెద్ద పెద్ద రాళ్లు పేర్చినట్టుంటుంది గానీ రాయి కాదు. స్టకో పూత మీద గీసిన గీతలు. మన గచ్చుకు చుట్టం అనుకోవచ్చు.

3. ఊరికి తూర్పున రాయల్ క్రెసెంట్ అనే నెలవంకలా వంగిన ఇళ్ల వరస ఉంది. 1799లో మొదలుపెట్టి 1807కి పూర్తిచేశారు. దాని గోడల మీద నల్లగా నిగనిగలాడే ఇటుకలు నిజానికి ఇటుకలే కావు, చెక్క మీద ఒకదానిపై ఒకటి వేలాడదీసిన పెంకులు. మూల దగ్గర జాగ్రత్తగా చూస్తే గుట్టు తెలుస్తుంది. ఇటుక పన్ను ఎగ్గొట్టడానికి ఇలా చేశారని చెబుతుంటారు. నేను నమ్మను, 1784లో పెంకుల మీద కూడా పన్ను వేశారు మరి. ఉప్పుగాలికి, వానకు అడ్డుగా వేశారంటే అర్థముంది.

4. మాంట్‌పెలియర్ క్రెసెంట్‌లో స్తంభాల తలలు చూడండి. చుట్టలు తిరిగిన గవ్వలాంటి ఆకారం కనిపిస్తుంది. అది అమ్మోనైట్ అనే, ఎప్పుడో అంతరించిపోయిన సముద్రజీవి శిలాజాన్ని పోలిన చెక్కడం. మన పూజగదుల్లోని సాలగ్రామాల్లో కనిపించే చుట్టలు కూడా ఈ జాతివే! కట్టిన ఆర్కిటెక్ట్ పేరు ఏమన్ హెన్రీ వైల్డ్స్. ఏమన్, అమ్మోనైట్ పేర్లు కలుస్తాయి కదా, తన పేరు మీద తనే వేసుకున్న జోకు అని చెబుతారు.

5. చివరగా ఇలాంటి పాత ఇళ్ల వెనక సందులోకి వెళ్లండి, చాలామంది వదిలేసేది ఇదే. ముందు వైపు ఉన్న షోకు ఇక్కడ ఉండదు. పూత రాలిన చోట చెకుముకి రాళ్లు, ఇటుక ముక్కలు, గులకరాళ్లు, సున్నం కలగలిసి కనబడతాయి. ఈ మిశ్రమాన్ని చెక్కల మధ్య పోసి గోడ లేపేవారు. స్థానికులు దాన్ని బంగరూష్ అంటారు. ఇలాంటి గోడకు సిమెంట్ పూయకూడదు. లోపలి తేమ బయటికి పోలేక సున్నం మెత్తబడిపోతుంది. అందుకే రిపేరుకు సున్నమే వాడాలి. నీళ్ల పైపు సరిగ్గా గురిపెడితే సగం బ్రైటన్ కూలిపోతుందని ఆ ఊరివాళ్లే జోకులేసుకుంటారు.