దినచర్య రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: వాన, వార్త, సంకల్పం

రోజుకు ఒక పేజీ మించకుండా రాయడం, తేదీతోపాటు వేళ కూడా వేయడం, ఇంటి సంగతులను ఎవరి మనసూ నొచ్చుకోకుండా రాసుకోవడం గత మూడు పాఠాలలో అభ్యసించాము. ఈ పాఠం గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజులను దృష్టిలో పెట్టుకుని రాసినది. వాతావరణం, వార్తలు, మనలను మనం బాగుచేసుకోవాలన్న సంకల్పాలు ఒకే పేరాలో కలగలిసిపోతే, ఏడాది తరువాత ఆ పేజీ తీసినప్పుడు ఏది కళ్లారా చూశామో, ఏది చెవిన పడిందో, ఏది మనసులో అనుకుని ఊరుకున్నామో మనకే తేలదు. కనుక ఈ వారం వాటిని విడదీసి రాయడం నేర్చుకుందాం.

వానాకాలపు దినచర్యలలో తరచుగా కనిపించే తరహా రాత ఇది:

"ఈ రోజు విపరీతమైన వర్షం. గోదావరి బాగా పెరిగింది. మనసేమీ బాగాలేదు. రేపటి నుంచి తప్పకుండా పెందలాడే లేచి నడవాలి."

ఇందులో అబద్ధమేమీ లేదు గాని, తరువాత పనికివచ్చే సంగతి కూడా ఒక్కటీ లేదు. లంకలో పాకలో ఉన్నవారికి విపరీతం అనిపించే వాన, రాజమహేంద్రవరంలో మేడ మీద ఉన్నవారికి చల్లదనంగానే తోచవచ్చు. అదే రోజును ఇలా రాసి చూడండి:

"ఉదయం ఏడున్నర. రాత్రి భోజనాల వేళ పట్టిన ముసురు ఇంకా వెలియలేదు. రేవులో నిన్న సాయంత్రం బట్టలు ఉతికిన మెట్టు మునిగింది. నీరు దాని పై మెట్టును తాకుతోంది. గుర్రపుడెక్క గుంపులుగా కొట్టుకువస్తోంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారట. పాలు పోయడానికి వచ్చిన మనిషి చెప్పాడు. గట్టు మీద నడక కుదరలేదు, వరండాలోనే అరగంట తిరిగాను."

మనసు బాగాలేదన్న మాట ఇక్కడ లేకపోయినా, ఆ ఉదయం ఎలా గడిచిందో చదివేవారికి తెలుస్తూనే ఉంది. మనోభావాలు రాయకూడదని నా ఉద్దేశం కాదు. చూసినది రాసిన తరువాత రాస్తే వాటికి ఆధారం దొరుకుతుంది.

వానను కొలవడానికి పరికరం కొనవలసిన అవసరం లేదు. మూతీ అడుగూ ఒకే వెడల్పుతో, అంచులు నిటారుగా ఉన్న డబ్బాను చెట్టు కొమ్మలకూ చూరు నీటికీ దూరంగా, ఆరుబయట గాలికి పడిపోకుండా పెట్టి, ఉదయం 8.30 గంటలకు లోతు చూసి పారబోయాలి. స్కేలుకు సున్నా గీత అంచునే లేకపోతే ఆ వదులు జాగాను లెక్కలో కలుపుకోవాలి. భారత వాతావరణ శాఖ కూడా గడచిన 24 గంటల వర్షపాతాన్ని ఆ వేళకే లెక్కగడుతుంది గనుక, మన అంకెను వారి అంకె పక్కన పెట్టుకోవచ్చు. వారి లెక్కలో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఆ ప్రకారం 65 మిల్లీమీటర్లు కురిస్తే ఒక్క ఎకరం మీద రెండు లక్షల అరవై వేల లీటర్లకు పైగా నీరు పడినట్టు. సార్వా ఊడ్పులకు ముందు నారుమడి ఎందుకు మునిగిందో, మురుగు కాలువల్లో పూడిక తీయమని రైతులు ఏటా ఎందుకు మొత్తుకుంటారో మీ డబ్బాలోని ఆ అంకెతోనే బోధపడుతుంది.

ఇక వార్త. వరద రోజుల్లో అంకెలు చాలా వినిపిస్తాయి, కాని ఊరి పేరు లేని అంకెకు అర్థం లేదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు ఇస్తారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదైనవి గుర్తుంటే, ఈనాటి అంకె విన్నప్పుడు ఎంత కంగారు పడాలో ఒక అంచనా ఉంటుంది. కనుక వార్త రాసినప్పుడు ఏ ఊరు, ఏ వేళ, ఎవరు చెప్పారు అన్నవి ఒకే వాక్యంలో పడాలి. ఫోనులో వచ్చిన "గట్టు తెగింది" అన్న మాటను మీ పుస్తకంలో "గట్టు తెగిందట" అనే రాయండి. మర్నాడు నిజం తెలిసినప్పుడు పాత వాక్యాన్ని కొట్టివేయక, దాని కింద తేదీ వేసి కొత్త వాక్యం చేర్చండి. ఊళ్లో వదంతి ఎలా నడుస్తుందో నాలుగు వరదలు దాటేసరికి మీకే తెలుస్తుంది.

సంకల్పాల దగ్గర మాత్రం నాకొక గట్టి అభిప్రాయం ఉంది. డెల్టాలో ఉన్నవారికి జనవరి 1 కంటే మృగశిర కార్తె మేలైన ఆరంభం. కాలువలకు నీరు వదిలేదీ, బడులు తెరిచేదీ, ఇంటి ఖర్చు మలుపు తిరిగేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే కాలమే కార్తె గనుక, ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. ఒక అలవాటు నిలిచిందో లేదో చూసుకోవడానికి వారం చాలదు, నెల ఆగితే మరచిపోతాము, కార్తె సరిపోతుంది. "రోజూ గట్టు మీద నడుస్తాను" అన్న సంకల్పం ఆరుద్ర, పునర్వసు కార్తెలలో చెడిపోతే మనిషిని సోమరి అనడం తొందరపాటే, ఎందుకంటే ఆ రోజుల్లో గట్టు మీద అడుగు వేస్తే జారుతుంది. సంకల్పం రాసేటప్పుడే దాని పక్కన వాన రోజు ఏం చేస్తారో కూడా రాయండి: నడక బదులు వరండా, పెరటి పని బదులు పద్దు పుస్తకం, లైబ్రరీ బదులు ఇంట్లో సగం చదివి వదిలేసిన పుస్తకం. ఈ రెండవ మాట రాయని సంకల్పాన్ని నేను సగం సంకల్పంగానే లెక్కిస్తాను.

ఈ వారం అభ్యాసం: రోజూ ముందు చూసినది మూడు వాక్యాలు, విన్నది ఒక వాక్యం, చేసినదో చేయనిదో ఒక వాక్యం రాయండి. చూసిన వాక్యాలలో ఒకదానిలోనైనా కొలత ఉండాలి. మెట్టయినా, మిల్లీమీటరయినా, మోకాలిబంటి అన్నా సరే. వాన లేని రోజున ఉక్కపోత గురించీ, ఏ దిక్కు గాలి ఎప్పుడు తిరిగిందన్న దాని గురించీ రాయవచ్చు. వచ్చే పాఠంలో ఈ పేజీలనే ముందు పెట్టుకుని, కార్తె చివర వాటిని ఎలా తిరగచదవాలో, ఏ వాక్యాల కింద గీత గీయాలో చూద్దాం.