అబిడ్స్‌లో బేతాళుడి వేట

ఆదివారం పొద్దున్నే, పుస్తకాలు పరుస్తుండగానే, అబిడ్స్ ఫుట్‌పాత్ చేరాలి. నా వేట పాత చందమామల్లో బేతాళ కథల కోసం. భుజాన శవం, చేతిలో కత్తితో విక్రమార్కుడు: శంకర్ గారి ఆ బొమ్మకు చిన్నప్పుడు దుప్పటి కప్పుకునేవాణ్ణి.

ముందే ధర అడక్కండి. నడిమి పేజీ తెరిచి పిన్నులు చూడండి. తుప్పు పడితే కాగితం అక్కడే చిరుగుతుంది. పేజీలు లెక్కపెట్టండి, బొమ్మలు కత్తిరించిన పిల్లలు తక్కువేం కాదు! బైండు పుస్తకాల్లో తరచూ అట్టలుండవు, అంచులు కోసేసి ఉంటారు. ‘1947 జులై, మొదటి సంచిక’ అని ఊరిస్తే, లోపల నెల, సంవత్సరం చూడందే డబ్బు తీయకండి.

చిరుగులకు సెల్లోటేపు వద్దు. ఒకసారి వేశాను, కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి సరిగ్గా బేతాళుడి మొహం మీదే మరకైంది. బీరువాలో పడుకోబెట్టి, పక్కన ఎండిన వేపాకు పెడతాను.