బేస్‌బాల్ చూద్దాం రండి – 3వ పాఠం: స్టేడియం దగ్గర బస, భోజనం, బీరు

మొదటి రెండు పాఠాల్లో ఆట ఎలా సాగుతుందో, టికెట్ ఎలా కొనాలో చూశాం. టికెట్ చేతికి రాగానే చాలామంది మ్యాపులో స్టేడియం పేరు కొట్టి, పక్కనున్న హోటళ్ళ ధరలు చూస్తారు. ఈ పాఠంలో ఆ వరుస తిప్పేద్దాం. ముందు ఆట అయిపోయాక వచ్చే గంట గురించి ఆలోచించండి. దాదాపు నలభై వేల మంది ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తారు. ఆ గంటలో మీరు ఎటు నడుస్తారు, ఏం ఎక్కుతారు అన్నది తేలితే గది ఎక్కడ తీసుకోవాలో, ఏ పూట ఎక్కడ తినాలో సగం తేలిపోయినట్టే.

నేర్చుకోవడానికి షికాగోలో కబ్స్ జట్టు ఆడే రిగ్లీ ఫీల్డ్‌ని తీసుకుందాం. 1914లో కట్టారు. మేజర్ లీగ్ స్టేడియాల్లో దీనికన్నా పాతది బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ (1912) ఒక్కటే. రిగ్లీ చుట్టూ పెద్ద పార్కింగ్ మైదానాలు లేవు. క్లార్క్, ఆడిసన్, వేవ్‌లాండ్, షెఫీల్డ్ అనే నాలుగు వీధుల మధ్య, ఇళ్ళకీ బార్లకీ ఆనుకుని ఉంటుంది. ఇక్కడ ప్లాన్ వేయడం వచ్చిందంటే చాలా ఊళ్ళలో వచ్చినట్టే.

ముందు టైము చూడండి

టికెట్ మీద ఆట మొదలయ్యే టైము ఉంటుంది. రిగ్లీలో పగటి ఆటలు ఎక్కువ, చాలావరకు మధ్యాహ్నం 1:20కి మొదలవుతాయి. 1988 ఆగస్టు దాకా అక్కడ ఫ్లడ్‌లైట్ల కింద ఆటే జరగలేదు. రాత్రి ఆటలు ఎన్ని పెట్టుకోవచ్చన్న దానికి ఇప్పటికీ నగరపాలక చట్టం హద్దు పెడుతోంది. చుట్టుపక్కల కాపురాలు ఉండేవాళ్ళకి అది దక్కాల్సిన న్యాయమేనని నా అభిప్రాయం.

2023లో పిచ్ క్లాక్ (బంతి విసరడానికి గడువు పెట్టే గడియారం) వచ్చాక ఒక్కో ఆట సగటున 2 గంటల 40 నిమిషాలకు దిగింది. అంటే 1:20 ఆట నాలుగింటికి అటూ ఇటూగా అయిపోతుంది. ఆ రోజు భోజనం ఆటకు ముందు, టిఫిన్ లోపల, రాత్రి భోజనం తీరిగ్గా ఇంకెక్కడైనా. సాయంత్రం 7 గంటల ఆటైతే పదింటికి అటూ ఇటూగా బయటపడతారు. అప్పుడు పిల్లలకి నిద్ర, పెద్దవాళ్ళకి నీరసం. రాత్రి ఆటకి వెళ్ళేటప్పుడు కడుపునిండా తినే లోపలికి వెళ్ళండి.

ఇంటి నంబరే దూరం చెబుతుంది

షికాగోలో అడ్రసు చూస్తే దూరం తెలిసిపోతుంది. డౌన్‌టౌన్‌లో స్టేట్ వీధి, మాడిసన్ వీధి కలిసే చోటు సున్నా. అక్కణ్ణించి ఎటు వెళ్ళినా దాదాపు 800 నంబర్లకి ఒక మైలు. రిగ్లీ అడ్రసు 1060 వెస్ట్ ఆడిసన్. ఆడిసన్ వీధి 3600 నార్త్. అంటే స్టేడియం సున్నా నుంచి ఉత్తరానికి నాలుగున్నర మైళ్ళు, పడమటికి మైలూ పావు పైన.

ఇప్పుడు ఏ హోటల్ ప్రకటన చూసినా లెక్క మీరే కట్టుకోవచ్చు. బెల్మాంట్ వీధి 3200 నార్త్, అంటే ఆడిసన్‌కి అర మైలు. డైవర్సీ 2800 నార్త్, ఒక మైలు. "స్టేడియానికి దగ్గర్లోనే" అని రాసినవాళ్ళ మాట పక్కన పెట్టి నంబరు చూడండి.

బస

స్టేడియానికి ఎదురుగా, క్లార్క్ వీధి మీద హోటల్ జాకరీ ఉంది. 2018లో తెరిచారు. స్టేడియాన్ని గీసిన ఆర్కిటెక్ట్ జాకరీ టేలర్ డేవిస్ పేరే దానికి పెట్టారు. ఆట అయ్యాక రోడ్డు దాటితే గది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి ఇంతకన్నా సుఖం ఉండదు. అయితే ఆట ఉన్న రోజుల్లో ధర బాగా పెరుగుతుంది, కింద వీధిలో హడావిడి అర్ధరాత్రి దాకా సాగుతుంది. నగరంలో ఏ హోటల్ తీసుకున్నా గది అద్దె మీద పన్నులే 17 శాతం దాటుతాయి. ధరలు పోల్చేటప్పుడు పన్ను కలిపిన మొత్తాన్నే చూడండి.

కొంచెం దూరంగా, క్లార్క్, డైవర్సీ వీధులు కలిసే చోటి దగ్గర హోటల్ వెర్సీ లాంటివి ఉన్నాయి. క్లార్క్ వీధి ఏటవాలుగా పోతుంది కాబట్టి అక్కణ్ణించి స్టేడియానికి మైలున్నర లోపే. సాయంత్రం చల్లగాలిలో నడవచ్చు, లేకపోతే క్లార్క్ మీద తిరిగే 22వ నంబరు బస్సు ఎక్కొచ్చు.

మొదటిసారి షికాగో వస్తున్నవాళ్ళకి మాత్రం నేను డౌన్‌టౌన్‌లోనే గది తీసుకోమంటాను. రెడ్ లైన్ రైలుకి గ్రాండ్, లేక్, మన్రో, జాక్సన్ స్టేషన్లు అక్కడే ఉన్నాయి. వాటికి నడిచే దూరంలో గది దొరికితే చాలు. ఆడిసన్ స్టేషన్‌కి ఇరవై నిమిషాల ప్రయాణం, దిగితే స్టేడియం కళ్ళెదుటే. రెడ్ లైన్ రాత్రంతా నడుస్తుంది కాబట్టి, స్కోరు సమమై ఆట ఎక్‌స్ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్ళినా టెన్షన్ లేదు. ఓహేర్ విమానాశ్రయం నుంచి వచ్చే బ్లూ లైన్ కూడా అంతే. మర్నాడు సరస్సు ఒడ్డు, మ్యూజియాలు చూడాలనుకుంటే అవీ దగ్గరే.

నేపర్‌విల్, అరోరా శివార్ల వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి గది అక్కర్లేదు. మెట్రా అనే శివారు రైళ్ళలో బీఎన్ఎస్ఎఫ్ లైను రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగి, జాక్సన్ దాకా నడిచి రెడ్ లైన్ ఎక్కొచ్చు. షామ్‌బర్గ్ వాళ్ళు రోజ్‌మాంట్‌లోనో కంబర్లాండ్‌లోనో కారు పెట్టి బ్లూ లైన్ ఎక్కొచ్చు. మెట్రాతో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. అది రాత్రంతా నడవదు, చివరి రైలు టైము ముందే ఫోనులో రాసి పెట్టుకోండి. కారు నేరుగా స్టేడియం దాకా తీసుకెళ్ళొద్దు. రాత్రి ఆట ఉన్న రోజుల్లో ఆ ఇళ్ళ మధ్య వీధుల్లో పర్మిట్ ఉన్న నివాసులే బండి పెట్టుకోవాలి. మిగతావాళ్ళ బండ్లని లాక్కెళ్ళిపోతారు.

ఆట అయ్యాక అందరూ ఆడిసన్ స్టేషన్ మీద పడతారు. మీరు దక్షిణానికి అర మైలు నడిచి బెల్మాంట్‌లో ఎక్కండి. అక్కడ రెడ్ లైన్‌తో పాటు బ్రౌన్ లైన్ కూడా ఆగుతుంది, లిఫ్ట్ ఉంది. ఉత్తరాన షెరిడన్ స్టేషన్ కూడా దగ్గరే గానీ దానికి మెట్లే దిక్కు. పెద్దవాళ్ళతో అటు వెళ్ళకండి.

భోజనం

షికాగో హాట్ డాగ్ పేరున్న తిండి. గసగసాలు చల్లిన బన్ను, ఆవాల సాస్, పచ్చటి రెలిష్, ఉల్లిముక్కలు, టమాటా, పికిల్, చిన్న పచ్చిమిరపకాయలు, పైన సెలరీ ఉప్పు. కెచప్ వేయరు. కానీ లోపలి సాసేజ్ బీఫ్. ఇటాలియన్ బీఫ్ శాండ్‌విచ్ సంగతి పేరులోనే ఉంది. బీఫ్ తిననివాళ్ళు క్యూలో నిలబడక ముందే ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. కౌంటర్ దగ్గర వెనకాల పది మంది తొందరపెడుతుంటే అడిగి తెలుసుకోవడం కష్టం.

హోటల్ జాకరీ కిందే ఉన్న బిగ్ స్టార్‌లో టాకోలు తినొచ్చు, శాకాహారం కూడా దొరుకుతుంది. ఏ మెక్సికన్ చోటైనా శాకాహారులు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బీన్స్ పంది కొవ్వుతో వండారా? అడిగితే నొచ్చుకోరు, చెబుతారు. షికాగో మందపాటి డీప్ డిష్ పిజ్జా తినాలని ఉంటే, అది కాలడానికే నలభై నిమిషాలు దాటుతుందని గుర్తుంచుకోండి. ఆటకు గంట ముందు ఆర్డర్ చేస్తే మొదటి ఇన్నింగ్స్ పోతాయి.

గుంపు పడనివాళ్ళు స్టేడియం నుంచి పడమటికి పది నిమిషాలు నడిచి సౌత్‌పోర్ట్ అవెన్యూకి వెళ్ళండి. అక్కడ రెస్టారెంట్లు వరసగా ఉంటాయి, కుటుంబాలు కూర్చుని తింటాయి, మాట వినిపిస్తుంది. ఆటకు వెళ్ళే గుంపులో చాలామందికి అక్కడిదాకా నడిచే ఓపిక ఉండదు. ఏ స్టేడియం దగ్గరైనా ఇలాంటి వీధి ఒకటి వెతకండి. ప్రధాన ద్వారానికి ఎదురుగా కాకుండా, స్టేషన్‌కి వెళ్ళే దారిలో కాకుండా, మూడో వైపు పది నిమిషాల నడక.

మన తిండి కావాలంటే పగటి ఆట రోజు సాయంత్రం డెవాన్ అవెన్యూకి వెళ్ళండి. ఆడిసన్‌లో రెడ్ లైన్ ఉత్తరానికి ఎక్కి, లయోలాలో దిగి, 155వ నంబరు బస్సు పట్టుకోవాలి. పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు 1974లో పెట్టింది ఆ వీధిలోనే. ఒక భాగానికి గాంధీ మార్గ్ అని గౌరవ నామం కూడా ఉంది. దోసెలు, దక్షిణాది భోజనం దొరుకుతాయి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. రిగ్లీలోకి మనం తినేంత తిండి బయటి నుంచి తీసుకెళ్ళనిస్తారు. పులిహోర, చపాతీ రోల్ లాంటివి జిప్ కవర్లోనో పలచటి ప్లాస్టిక్ డబ్బాలోనో పెట్టుకోండి. గాజు సీసాలు, మందు, గట్టి కూలర్లు కుదరవు. బ్యాగు సైజు రూల్స్ మారుతుంటాయి, ముందు రోజు క్లబ్ సైట్లో చూసుకోండి. నలుగురున్న కుటుంబానికి లోపల కొనే తిండి ఖర్చు టికెట్ల ఖర్చుతో పోటీ పడుతుంది. ఈ ఒక్క పనితో అదంతా తగ్గిపోతుంది.

బీరు

అమెరికాలో మందు తాగడానికి 21 ఏళ్ళు నిండాలి. జుట్టు నెరిసిన నాన్నగారినీ గుర్తింపు కార్డు అడుగుతారు, తప్పుగా అనుకోవద్దు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళు పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోవాలి.

ప్రధాన ద్వారం ఎదుట, క్లార్క్, ఆడిసన్ మూల మీద కబ్బీ బేర్ ఉంది. వేవ్‌లాండ్, షెఫీల్డ్ మూల మీద, బ్లీచర్స్ అనే బెంచీ సీట్ల ద్వారానికి ఎదురుగా మర్ఫీస్ బ్లీచర్స్. క్లార్క్ మీదే ఉన్న స్లగ్గర్స్‌లో పై అంతస్తులో బ్యాటింగ్ పంజరాలు ఉన్నాయి. బంతి కొట్టి చూస్తే మైదానంలోవాళ్ళు ఎంత కష్టమైన పని చేస్తున్నారో అర్థమవుతుంది. ఎవరైనా మలోర్ట్ అనే మందు చిన్న గ్లాసులో చేతికిస్తే, అది వేపాకు నమిలినంత చేదుగా ఉంటుందని తెలిసే తాగండి. షికాగోవాళ్ళు దాన్ని అభిమానంగా పోస్తారు.

ఈ బార్లన్నీ ఆటకు రెండు గంటల ముందు, అయ్యాక ఒక గంట కిక్కిరిసి ఉంటాయి. ఆట మొదలైన వెంటనే కాస్త ఊపిరాడుతుంది. ఆఖరి ఇన్నింగ్స్ దగ్గర పడ్డాక లోపల బీరు అమ్మకం ఆపేస్తారు. ఇక తాగినవాళ్ళు కారు జోలికి పోకూడదు. రైలు పక్కనే ఉన్న ఊళ్ళో దానికి సాకు లేదు.

ఇదే ప్రశ్న, వేరే ఊళ్ళు

అదే రెడ్ లైన్ మీద దక్షిణాన షికాగో రెండో జట్టు వైట్ సాక్స్ ఆడే రేట్ ఫీల్డ్ ఉంది. సాక్స్–35త్ స్టేషన్‌లో దిగాలి. చుట్టూ పార్కింగ్ మైదానాలే. అభిమానులు అక్కడే పొయ్యి పెట్టి కాల్చుకు తింటారు. కారు లేకపోతే ఒక స్టేషన్ ముందే, సెర్మాక్–చైనాటౌన్‌లో దిగి తిని వెళ్ళడం మంచిది.

డాలస్ దగ్గరి ఆర్లింగ్టన్‌లో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. టెక్సస్ రేంజర్స్ జట్టు ఆడే, 2020లో తెరిచిన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ దాకా రైలు లేదు, ఊళ్ళో మామూలు రూటు బస్సులు కూడా లేవు. ఆట అయ్యాక కార్లన్నీ ఒకేసారి కదులుతాయి. ఫ్రిస్కో నుంచో ప్లేనో నుంచో వచ్చేవాళ్ళు పక్కనే ఉన్న టెక్సస్ లైవ్‌లో రాత్రి భోజనం చేసి, రద్దీ తగ్గాక బయల్దేరితే ప్రాణం హాయిగా ఉంటుంది. దూరం నుంచి వచ్చేవాళ్ళు స్టేడియాన్ని ఆనుకున్న హోటల్ తీసుకోవడమే తెలివైన పని. షికాగోలో వద్దన్న ఖర్చు ఇక్కడ పెట్టమంటున్నాను, ఎందుకంటే ఆట తర్వాతి గంట ఇక్కడ వేరు.

అభ్యాసం

మీకు దగ్గర్లో ఉన్న జట్టు స్టేడియాన్ని మ్యాపులో తెరవండి. రాత్రి 10 గంటలకు అక్కణ్ణించి మీ గదికి ప్రయాణం ఎంతసేపో చూడండి. మధ్యాహ్నం చూస్తే వచ్చే టైము వేరు, అది పనికిరాదు. అసలు స్టేషన్ కాకుండా నడవగలిగిన రెండో స్టేషన్ ఏదో కనిపెట్టండి. స్టేషన్ లేని ఊరైతే రద్దీ తగ్గేదాకా కూర్చునే చోటు వెతకండి. ఆ తర్వాతే హోటళ్ళ ధరలు తెరవండి. బయటి తిండి రానిస్తారో లేదో క్లబ్ సైట్లో చదివి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం నాలుగో పాఠంలో కూడా కావాలి, ఎందుకంటే దాని వెనకవైపే స్కోర్‌కార్డ్ గీయడం నేర్చుకోబోతున్నాం.